తలుపెయ్యి బావూ, తేమ పోతంది

పోయిన ఆదివారం పొద్దున్నే, ఒకప్పుడు నర్సరీలో నాతో పనిచేసిన నూకరత్నం ఫోను చేసింది. ఫోనులో అరిస్తేనే అవతలివాళ్ళకి వినపడుతుందని దాని నమ్మకం. "ఇంజినీరు బావూ! అప్ప పోనాదంట. రేపు పదింటికి భూస్థాపనంట. వత్తావేటి?" అంది.

వస్తానన్నాను. ఫోను పక్కన పెట్టి మా ఆవిడతో, "ఈ దేశంలో అంకుడు పుల్లకి వేరు పుట్టించిన మొదటి మనిషి పోయింది. ఆ విద్య ఆవిడకి నేర్పింది నేనే" అన్నాను. మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "పోయిందన్న ముక్కయినా నిజమేనా?" అంది.

ఈ వయసులో అబద్ధాలు మోసుకు తిరగడం మోకాళ్ళకి మంచిది కాదు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఆవిడకి నేను నేర్పిందేమీ లేదు. ఆ నర్సరీలో నేను ఇంజినీర్ని కూడా కాదు. మోటారు స్విచ్చి వేసేవాణ్ణి, మళ్ళీ తీసేసేవాణ్ణి. చేరిన కొత్తలో ఎవరో అడిగితే పంపుసెట్ల ఇంజినీర్నని చెప్పాను. పక్కనున్న అప్ప విని, నవ్వకుండా, "అలాగా! అయితే ఇంజినీరు బావూ, ఆ గొట్టం కారతంది, కాస్త సూడు" అంది. ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఆవిడ వెక్కిరించిందో గౌరవించిందో ఈనాటికీ తేలలేదు.

అప్ప అంటే మావైపు అక్క. నిజానికి ఆవిడ నాకన్నా ఆరేడేళ్ళు చిన్నది. అయినా నేనూ అప్పా అనే పిలిచేవాణ్ణి, మా మేనేజరు గారూ అలాగే పిలిచేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి ఎవరినా అని చూసేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఏటికొప్పాక బొమ్మలకి అంకుడు కర్రే కావాలి. మెత్తగా తెగి, లక్కని పట్టుకునే కర్ర అది. కొండల మీద ఆ చెట్లు పల్చబడిపోతున్నాయని, మంచి చెట్ల కొమ్మలు తెచ్చి వాటితోనే మొక్కలు చేద్దామని ఒక సొసైటీ పుట్టింది. గింజ వేస్తే ఎలాంటి చెట్టు వస్తుందో చెప్పలేం, కొమ్మ నాటితే ఆ చెట్టే మళ్ళీ వస్తుందని వాళ్ళ లెక్క. అనకాపల్లి దాటి కె. కోటపాడు వెళ్ళే రోడ్డు పక్కన ఎకరన్నరలో నర్సరీ పెట్టారు. ఇప్పుడా సొసైటీ లేదు, బోర్డూ లేదు.

నర్సరీకి గుండెకాయ మిస్టు ఛాంబరు. మేం ఉత్తినే మిస్టు అనేవాళ్ళం. ఇనప చట్రం మీద పాలిథిన్ కప్పిన పొడుగాటి గది. పైన గొట్టాలు, గొట్టాలకి సన్నటి నాజిళ్ళు. నేను స్విచ్చి వేస్తే నీళ్ళు పొగలా కురిసేవి. అరగంటకోసారి ఒక నిమిషం. ఆ తేమలో కోసిన కొమ్మ చావకుండా ఉంటుంది, ఉండగా ఉండగా వేరు పోస్తుంది. మొక్కకి బాగానే ఉండేది. మనిషి లోపలికెళ్తే మాత్రం ఆవిరికుడుము కష్టం ఏమిటో అర్థమయ్యేది. నేను గంటలకొద్దీ అందులో కూర్చుని పనిచేశానని చాలామందికి చెప్పాను. లెక్క చూస్తే, ఒక్క రోజు తప్ప, రెండు నిమిషాలు దాటి ఎప్పుడూ ఉండలేదు. ఆ ఒక్క రోజు గురించే ఇదంతా రాస్తున్నాను.

అప్ప పొద్దున్న ఎనిమిదింటికి లోపలికెళ్తే అన్నానికి బయటికొచ్చేది, మళ్ళీ వెళ్తే సాయంత్రానికి వచ్చేది. పీట మీద కూర్చుని, నల్లటి ప్లాస్టిక్ గొట్టాల్లో కొబ్బరిపొట్టు నింపి పుల్లలు గుచ్చేది. బయటినుంచి చూస్తే ఆవిడ మనిషిలా కనపడేది కాదు. తెల్లటి గోడ వెనక ఒక నీడ, ఆ నీడకి ఎప్పుడూ కదిలే చెయ్యి. గంటకో, రెండు గంటలకో ఆ చెయ్యి వచ్చి పాలిథిన్ మీద గుండ్రంగా తుడిచేది. పళ్ళెమంత కిటికీ. అందులోంచి ఆవిడ కన్ను రోడ్డు వైపు చూసేది. కోటపాడు బస్సు వెళ్ళేది. "పదకొండు బస్సా బావూ అది?" అని లోపల్నుంచే అడిగేది. అవునప్పా అనేలోపు ఆ గుండ్రం మళ్ళీ మంచు పట్టి తెల్లబడిపోయేది.

ఎవరు లోపలికి అడుగుపెట్టినా ఆవిడ మాట ఒకటే. "తలుపెయ్యి బావూ, తేమ పోతంది." మేనేజరు గారికైతే "తలుపెయ్యండి బాబూ". కుక్కకైతే ఉత్తినే "తలుపు". ఒకసారి చర్చిలో పాస్టరు గారు ఆలస్యంగా లోపలికొస్తుంటే కూడా, తలుపెయ్యండయ్యా తేమ పోతందని అందనీ, జనమంతా ప్రార్థన మానేసి నవ్వారనీ నేను ఊరంతా చెప్పాను. అది నేను కల్పించిందే. కానీ అది విన్న పాస్టరు గారు ఆవిడతో అంటే, "అని వుంటానండి, నాకే గేపకం నేదు" అందిట. ఇది నిజం.

ఆవిడ మొగుడు ఆ నేలకి కాపలా మనిషి. అతను పోయాక సొసైటీ వాళ్ళు ఆ ఒంటిగది ఆవిడకే ఉంచి, పని కూడా ఇచ్చారు. పిల్లల్లేరు. ఆ గదీ ఆ పనీ ఒకదానికొకటి ముడి. పని మానేస్తే గది ఖాళీ చెయ్యాలి.

పని ఎలా చేసేదో చెప్పాలి. తల్లిమొక్కలని కొన్ని అంకుళ్ళు వరసగా ఉండేవి. వాటిని చెట్లు కానిచ్చేవాళ్ళు కాదు. మోకాలెత్తున నరికితే చుట్టూ కొత్త కొమ్మలొస్తాయి, ఆ కొమ్మలు కోస్తే మళ్ళీ వస్తాయి. ఎన్నేళ్ళయినా మోకాలెత్తే. అప్ప వాటి మొద్దుల మీద చెయ్యేసి, "ఈటికి సెట్టయ్యే రాత నేదు బావూ. తల్లులు గదా" అనేది. ఒక్కదాన్ని మాత్రం నా మోటారు షెడ్డు వెనకాల కొయ్యకుండా వదిలేసింది. మేనేజరు గారు అటు రారని ఆవిడకి తెలుసు. నేను చెప్పనని ఎలా నమ్మిందో నాకు తెలియదు. చెప్పలేదు. నా జన్మలో దాచిన రహస్యం అదొక్కటే.

ఆకులు రాలిన కాలంలో, పొద్దున్నే, పెన్సిలంత లావు కొమ్మలు జానెడేసి పొడుగున కోసేది. కింది కొస ఏటవాలుగా, పై కొస సాపుగా. వందల పుల్లలు కలిసిపోయినా ఏది కాలో ఏది తలో తెలియడానికి అది గుర్తు. ఏటవాలు మట్టిలోకి, సాపు ఆకాశానికి. అంకుడు కోస్తే పాలు కారతాయి, తెల్లగా, జిగటగా. మిగతావాళ్ళు ఆ పాలమీదే వేరుమందు పొడి అద్ది గుచ్చేసేవారు. అప్ప అలా కాదు. బెల్లం పొయ్యిల దగ్గర చల్లారిన బూడిద గోనెసంచిలో తెప్పించుకునేది. మా అనకాపల్లిలో దానికి కొరతేముంది. పుల్లల కొసలు అందులో ముంచి, నీడలో పరిచి, ఊరికే కూర్చునేది. పాలు ఆగేదాకా పొడి డబ్బా మూత తీసేది కాదు.

"ఎంతసేపప్పా ఇలా కూర్చోడం?" అని నేను విసుక్కుంటే, "ఏడత్తన్న గుంటకి అన్నం పెడితే కక్కేత్తాది. ఏడుపాపనీ" అనేది. గుంటంటే మావైపు పసిబిడ్డ.

అంతే విద్య. అందులో మాయేమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఒకరోజు సొసైటీ పెద్దలు కారేసుకుని వచ్చినప్పుడు నేను నోరు తెరిచాను.

ఆ పెద్దల్లో ఒకాయన, "ఎక్కడా బతకని పుల్లలు మీ దగ్గర ఎలా బతుకుతున్నాయయ్యా?" అని మేనేజరు గారిని అడిగాడు. మేనేజరు గారు మంచి మనిషే గానీ కాగితం లేకపోతే మాట రాదు. నీళ్ళు నములుతున్నారు. నేను ముందుకొచ్చాను. "అయ్యా, ఇది మందుతో వచ్చే పని కాదండి. ఆ చెయ్యి వేరు. ఆవిడ ముట్టుకున్న పుల్ల ఎండదు. మొన్న చర్చిలో చీపురు పట్టుకుంటే పుల్లలు చిగురేశాయి. మరొకరు ముట్టుకుంటే కుళ్ళిపోవడమే" అన్నాను.

పెద్దలు నవ్వారు. కానీ నవ్వుతూనే మిస్టు వైపు తిరిగి, మంచు వెనక కదిలే ఆ చెయ్యి వైపు చూశారు. నాకు ఒళ్ళు పొంగింది. నేను చెప్పిన మాటని చదువుకున్నవాళ్ళు అలా నమ్మడం అదే మొదటిసారి.

ఆ తర్వాత నూకరత్నాన్ని ఒక బెడ్డు, అంటే ఒక మడి పుల్లలు, వెయ్యమన్నారు, చూద్దామని. అది పాలు కారుతుండగానే గుచ్చేసింది. పైగా ఆ వారంలోనే మోటారు కాయిలు కాలింది. కాలిన సంగతి నాకు సాయంత్రం గానీ తెలియలేదు. నేను బెల్లం మార్కెట్ దగ్గర టీకొట్లో కూర్చుని, మిస్టు ఛాంబర్లు కనిపెట్టిన విధానం నలుగురికి చెబుతున్నాను. అప్ప తన బెడ్డు వరకు చెంబుతో తడుపుకుంది. నూకరత్నం ఆ రోజు రాలేదు. దాని పుల్లలన్నీ పోయాయి. మేనేజరు గారు నల్లబడ్డ పుల్లొకటి పట్టుకుని నాతో, "మీరన్నది నిజమేనండి. చేతిలోనే ఉంది" అన్నారు. మోటారు మాట నేను ఎత్తలేదు.

అప్పకి అప్పటికే ఆయాసం మొదలైంది. మెట్లెక్కనక్కర్లేదు, నాలుగు మాటలు ఒక్కసారి మాట్లాడితే చాలు, గొంతులో పిల్లికూతలు. డాక్టరు తేమలో ఉండొద్దన్నాడు. "నా పనే తేమ గదా బాబూ" అందిట ఆవిడ.

ఆ ఎండాకాలానికి ముందు ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో వంటపని ఖాళీ అయింది. చర్చి తెలిసినవాళ్ళు చెప్పారు. ఉండటానికి గది ఇస్తారు. బడులు తెరిచేలోపు చేరాలి. వాళ్ళు అడిగింది ఒక్కటే, ఇన్నాళ్ళు పనిచేసిన చోటునుంచి మంచిగా పనిచేసిందని, పంపించడానికి అభ్యంతరం లేదని ఒక ఉత్తరం. అప్ప ఆ రోజు మిస్టులోంచి మూడుసార్లు బయటికొచ్చింది, నాకు చెప్పిన మాటే మళ్ళీ చెప్పడానికి. "పెద్ద వంటిల్లంట బావూ. రెండు కిటికీలంట. పొగ పోడానికి పైన కంత కూడా వుందంట. పొడి సోటు!"

మేనేజరు గారు ఉత్తరం ఇవ్వలేదు. కోప్పడనూ లేదు. అది ఇంకా కష్టం.

"నిన్ను పంపిస్తే ఈ పుల్లలెవరు బతికిస్తారప్పా? ఇంకో చెయ్యి చూపించు, ఆ రోజే రాసిస్తాను" అన్నారు.

"సెయ్యిదేటుంది బాబూ. బూడిదలో ముంచి కూకోడమే. రత్నానికి నాను సెప్తాను, సేత్తాది."

"చూశాం కదా రత్నం సంగతి."

నేను అక్కడే స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్ప నావైపు తిరిగి, "నువ్వు సెప్పు బావూ, ఆ సీపురు మాట ఉత్తిదని" అంది. నేను నవ్వాను. ఉత్తిదేనని అందామనుకున్నాను. "సగం ఉత్తిదేనండి" అన్నాను. మేనేజరు గారు ఆ మిగతా సగాన్ని పట్టుకున్నారు.

మర్నాటినుంచి అప్ప మామూలుగానే పనిచేసింది. శనివారంనాడు పెద్ద బెడ్డు వేసింది, మూడొందల పుల్లలు. ఆదివారం చర్చికి వెళ్ళింది. ఆదివారాలు మిస్టు నాది.

పొద్దున్న నాజిల్ మూసుకుపోయిందని లోపలికెళ్ళాను. దాన్ని ఊదుతూ కిందికి చూస్తే పుల్లలు ఏదోలా కనపడ్డాయి. ఏ కొమ్మకైనా ఆకు రాలిన మచ్చ కింద ఉంటుంది, దానిమీద మొగ్గ ఉంటుంది. ఈ పుల్లకి మచ్చ పైన ఉంది, మొగ్గ కింద ఉంది. తల కిందికీ కాలు పైకీ. పొరపాటనుకున్నాను. పక్క పుల్ల చూశాను. దాని పక్కది చూశాను. పీట మీద కూర్చుండిపోయాను.

మూడొందలూ తలకిందులే. చూసేవాళ్ళకి అనుమానం రాకుండా కోతలు కూడా మార్చేసింది. సాపు కొస పైకే ఉంది, ఏటవాలు మట్టిలోకే ఉంది. కొమ్మనే తిరగేసి పట్టుకుని కోసింది. తలకిందులుగా పెట్టిన అంకుడుకి వేరు రాదు. నెల గడిస్తే అన్నీ చస్తాయి. అప్ప చేతిలో ఏమీ లేదని తేలిపోతుంది. ఉత్తరం వస్తుంది.

ఇన్నేళ్ళు ఒక్క పుల్ల వృథా అయితే నొచ్చుకున్న మనిషి, శనివారమంతా కూర్చుని మూడొందల పుల్లల్ని ఒక్కొక్కటే చంపడానికి నాటింది.

నేనేం చేశానో చెబుతాను. కత్తెర తీసుకున్నాను. ప్రతి పుల్లనీ పీకి, తిరగేసి, మందు అద్ది, నిలబెట్టాను. అప్పుడు ఏటవాలు కొస పైకొచ్చేసింది. దాన్ని కత్తెరతో సాపు చేశాను. పాలు కారాయి, బూడిద పెట్టాను. కింది కొసలు సాపుగానే వదిలేశాను. ఇంకా కోస్తే పుల్ల మరీ పొట్టిదవుతుంది, పైగా నడుం నొప్పి. తొమ్మిదింటికి మొదలుపెడితే ఒంటిగంటయింది. మధ్యలో మోటారు వెయ్యడానికి బయటికెళ్ళడం, మళ్ళీ లోపలికి రావడం. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మూడో గంటకి ఊపిరి ముక్కులోనే ఆగిపోతున్నట్టు అనిపించింది. ఎటు చూసినా తెలుపే. చెయ్యెత్తి పాలిథిన్ మీద గుండ్రంగా తుడిచాను. బస్సు పోతోంది, కిటికీల పక్కన జనం జుట్టు ఎగురుతోంది. చూస్తుండగానే మంచు కమ్మేసింది.

అంటే, అందులో ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. తెలియక చేశానని అనడానికి వీల్లేదు.

ఎందుకు చేశావని అడిగితే, నర్సరీ కోసమని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. ఏటికొప్పాక బొమ్మల కోసం, అంకుడు జాతి కోసం. అది నా ఇంజినీరు ఉద్యోగం లాంటి మాట. అసలు సంగతి ఇది. ఆ పుల్లలు చస్తే, ఆ చేతి గురించి నేను చెప్పింది అబద్ధమని పెద్దలకి తెలిసిపోతుంది. నా జీవితంలో నలుగురు పెద్దమనుషులు నమ్మిన మాట అదొక్కటే. దాన్ని బతికించుకున్నాను.

నెల తిరక్కుండా చిగుళ్ళొచ్చాయి. మేనేజరు గారు గంతేసినంత పని చేశారు. అప్ప ఆ పచ్చని కొసల్ని చాలాసేపు చూసి, "సిగురు నమ్మకండి బాబూ. కొమ్మలో వున్న సత్తువతో సిగురేత్తాది, అబద్దమాడతాది. ఏరు రావాల" అంది. తల పైకి పెట్టిన పుల్ల అయితే చిగురు పైకొస్తుందని ఆవిడకి తెలియదా? అనుమానం వచ్చే ఉంటుంది. కానీ పుల్ల కదిపితే వేరు తెగుతుంది. పీకి చూసుకోవడం ఆవిడకి చేతకాలేదు. చంపడానికి నాటినవాటిని కూడా.

బడులు తెరవడానికి ఇంకో వారం ఉందనగా పెద్దలు మళ్ళీ వచ్చారు. మిస్టు తలుపు దగ్గర అందరూ నిలబడ్డారు. "లోపలికి రండి, తలుపేసీండి, తేమ పోతంది" అంది అప్ప. ఎవరూ లోపలికి రాలేదు. మేనేజరు గారు చెయ్యి మాత్రం లోపలికి చాపి, "ఒకటి తియ్యప్పా" అన్నారు.

ఆవిడ ఒక గొట్టం తీసి, తట్టి, పుల్లని బయటికి లాగింది. కొబ్బరిపొట్టు రాలింది. పుల్ల చివర తెల్లటి వేళ్ళు, కోడిపిల్ల కాళ్ళలా. అందరూ ఆహా అన్నారు. అప్ప వేళ్ళని చూడలేదు. వేళ్ళ మధ్య ఉన్న కొసని చూసింది. సాపుగా ఉంది. ఆవిడ చేతిలో ఇన్నేళ్ళలో మట్టిలోకి వెళ్ళిన కొస ఏదీ సాపుగా లేదు. తర్వాత పై కొస మీద బొటనవేలు పెట్టి రాసింది. తర్వాత నావైపు చూసింది.

"చూశారా సార్! ఆ చెయ్యి!" అన్నారు మేనేజరు గారు.

"ఇది నా సెయ్యి కాదు బాబూ" అంది అప్ప. ఆయాసపడకుండా, ఒక్కో మాట తూచి అంది. "ఈ మూడొందలూ ఇంజినీరు బావు నాటేడు. కావాలంటే అడగండి. ఆయన సేతికీ ఏరొచ్చింది. ఇంకో సెయ్యి సూపించమన్నారు గదా. ఇదే."

అందరూ నావైపు తిరిగారు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "నిజమేనటయ్యా?" అన్నాడు.

బావిలో బకెట్టు తీస్తే బావి తవ్వానని చెప్పుకున్నవాణ్ణి. పంపు స్విచ్చి వేసి శారదా నదిని మళ్ళించానని చెప్పుకున్నవాణ్ణి. నిజంగా ఒక పని చేశాను. కనిపెట్టిన మనిషి సాక్ష్యం చెబుతోంది. నేననాల్సింది ఒక్క మాట, అవునని. అప్ప పెదాలు కూడా ఆ మాటకి తగ్గట్టు కొంచెం విచ్చుకున్నాయి, పసిపిల్లకి ముద్ద పెట్టేటప్పుడు తల్లి నోరు తెరిచినట్టు.

"అబ్బే, అప్ప పరాచికాలాడుతోందండి. మోటారు పట్టుకునే చెయ్యి ఇది. దీనికి వేళ్ళెక్కడొస్తాయి" అన్నాను.

అందరూ నవ్వారు. మేనేజరు గారు అందరికన్నా గట్టిగా నవ్వారు. అప్ప ఆ పుల్లని మళ్ళీ గొట్టంలో పెట్టి, చుట్టూ పొట్టు నొక్కి, రెండు చుక్కలు నీళ్ళు పోసింది.

కార్లు వెళ్ళిపోయాక మోటారు షెడ్డు దగ్గరికొచ్చింది. గుమ్మంలో నిలబడి ఊపిరి తీసుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టుంటే ఇప్పుడీ రాత ఉండేది కాదేమో.

"నానేటి అడిగేను బావూ? అవునను అన్నాను. నేని మాటలెన్ని సెప్పేవు. వున్నదొక్కటి సెప్పలేకపోనావేటి?"

నేను స్పానరుతో ఒక నట్టు బిగిస్తున్నాను. అది ఎప్పుడో బిగిసిపోయింది.

"అవునంటే నిన్నట్టుకెల్లి మిస్టులో కూకోబెడతారని బయ్యమేసింది. అంతేనా?"

ఆవిడకి తెలిసిపోయింది. నాకు నేను చెప్పుకోని మాట అది. పెద్దల దగ్గర నా పరువు, నా గొప్ప, అవన్నీ పైపై మాటలు. ఆదివారంనాడు నాలుగు గంటలు అందులో ఉన్నాను. అవునంటే ఆ పీట నాది.

"అప్పా..." అన్నాను.

"నాకూ అదే బయ్యం గదా బావూ" అంది.

గోడ మీద గడియారం చూసింది. "టైమయింది. మోటారెయ్యి. ఎండకి ఆడిపోతాయి" అని వెనక్కి తిరిగి మిస్టులోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను స్విచ్చి వేశాను. పొగ దిగింది. నీడ కనపడకుండా పోయింది.

హాస్టల్లో వేరే ఆవిడ చేరింది. ఆ వానాకాలంలోనే నేను ఊళ్ళో మోటార్లకి కాయిలు చుట్టే షాపుకి మారిపోయాను. నన్నెవరూ ఉత్తరం అడగలేదు. అప్ప మరో నాలుగేళ్ళు, సొసైటీ మూతపడేదాకా, ఆ పాలిథిన్ కిందే ఉంది. తర్వాత ఊళ్ళోనే చెల్లెలి ఇంట్లో. ఒకసారి మెయిన్ రోడ్డు మీద మందుల షాపు ముందు కనపడింది. మూడు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. "ఇంజినీరు బావూ, మోటార్లు బాగున్నాయా?" అని అడిగింది. బాగున్నాయన్నాను. ఆవిడ ఎలా ఉందో నేను అడగలేదు. వినపడుతూనే ఉంది.

సోమవారం వెళ్ళాను. సమాధుల తోట చిన్నది, చుట్టూ గోడ, ముందు ఇనపగేటు. ప్రార్థన అయిపోయింది, మట్టి వేశారు. మేనేజరు గారు కూడా వచ్చారు. రిటైరయి చేతికర్ర పట్టుకున్నారు. నూకరత్నం కళ్ళు తుడుచుకుంటూ, "ఏం సెయ్యి బాబూ అది! పుల్ల ముట్టుకుంటే బతికేసేది. సర్చిలో సీపురు సిగురేసిందట గదా" అంది. పక్కనున్న నలుగురూ తలూపారు. నా అబద్ధం నాకన్నా ఆరోగ్యంగా తిరుగుతోంది.

నేను గొంతు సవరించుకున్నాను. అందరూ వింటుండగా, "చీపురు మాట నేను కల్పించిందండి. నేను మానేసిన ఏడాది వేసిన ఆ మూడొందల పుల్లలూ ఆవిడవి కావు. ఆవిడ అవి చావాలనే తలకిందులుగా పెట్టింది. నేను తిరగేసి నాటాను. వేరొచ్చింది నా చేతికి. ఆ రోజు అప్ప నిజమే చెప్పింది" అన్నాను.

 మేనేజరు గారి మొహం మెల్లగా విచ్చుకుంది. నా భుజం మీద చెయ్యేసి, "ఇక్కడ కూడానా ఇంజినీరు గారూ!" అన్నారు. నూకరత్నం ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. "సచ్చినోల్ల పని కూడా నీదేనంటావేటి బావూ! సిగ్గు నేదు!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా, చావు దగ్గర నవ్వకూడదని తల దించుకుని, భుజాలు కదుపుకుంటూ నవ్వారు.

మళ్ళీ చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ చెబితే మళ్ళీ నవ్వుతారు. ఊరుకున్నాను.

జనం కదిలారు. నేను అందరికన్నా వెనక బయటికొచ్చాను. పది అడుగులు వేశానో లేదో, తోట చూసుకునే ముసలాయన లోపల్నుంచి కేకేశాడు. "బాబూ, గేటెయ్యండి! మేకలొచ్చేత్తాయి!"

వినపడింది. వెనక్కి తిరిగి చూశాను కూడా. గేటు బార్లా తెరిచి ఉంది, రోడ్డు మీది గాలి లోపలికి పోతోంది.

వెయ్యలేదు.